అరచేతిలో చేప పెంట

చేప పెంట గురించి నాకు తెలిసినంతగా వరంగల్ గంజు మార్కెట్లో ఏ వ్యాపారి బిడ్డకూ తెలిసి ఉండదు. గొప్పకు చెప్పుకునే సంగతేం కాదిది. ఇన్నేళ్ల తర్వాత కూడా అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ టబ్బుల అడుగు గుర్తొస్తే ముద్ద దిగదు. ఛీ, మొదట్లోనే పెంట మాట ఎత్తానని చదివేవాళ్లు మొహం చిట్లిస్తారేమో. చిట్లించండి. నేను రెండు నెలలు చిట్లించాను.

మాది నీసు ముట్టని ఇల్లు. కోడిగుడ్డు కూడా గడప దాటదు. చేపల మార్కెట్ వీధిలోంచి ఆటో పోతే అమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, వీధి దాటేదాకా మాట్లాడేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను జువాలజీ ఎమ్మెస్సీలో చేరాను. ఫార్మసీ సీటు రాలేదు, ఇది వచ్చింది. అంతకు మించి కారణం లేదు.

గంజులో నాన్నది తవుడు, పల్లీల చెక్క అమ్మే దుకాణం. బర్రెలవాళ్లు, చేపల గుంటలవాళ్లు మా గిరాకీ. బర్రెల తవుడు దుకాణం లోపల, లక్ష్మీదేవి పటం కింద అరుగు మీద ఉండేది. చేపలవాళ్ల తవుడు మాత్రం బయట, షట్టర్ పక్కన టార్పాలిన్ కింద వేరుగా ఉండేది. తవుడు తవుడే కదా, దానికి నీసేమిటి? కానీ ఆ బస్తాలు ఎత్తుకుపోయే బండ్లకు, చేతులకు వాసన ఉంటుందని ఇంట్లోవాళ్లం ఎవరం వాటి జోలికి పోయేవాళ్లం కాదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. ఎందుకని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

తవుడు చూడడం మాత్రం నాన్న నాకు చిన్నప్పుడే నేర్పాడు. కాటా పక్కన కూర్చోబెట్టుకుని, చిటికెడు తవుడు నా అరచేతిలో వేసి, బొటనవేలితో రుద్దమనేవాడు. తర్వాత ఉఫ్ మని ఊదమనేవాడు. మంచి తవుడైతే మెత్తగా చేతికి అంటుకుని ఉండిపోతుంది. ఊక కలిపిందైతే గరగరలాడుతూ గుచ్చుకుంటుంది. "చూసినవా బిడ్డా, మిల్లోడు ఎంత తెలివిగల్లోడైనా మన చేతికి దొరికిపోతడు" అని మురిసిపోయేవాడు. నాన్న కళ్లు మూసుకుని రుద్ది కూడా ఏ మిల్లు సరుకో చెప్పేవాడు. ఆ విద్య నాకూ అబ్బింది. క్లాసులో చెప్పుకోవడానికి పనికిరాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

రెండో ఏడు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు మా మేడం చీటీలు వేయించింది. నా చీటీలో ఏ చేప, ఏ మేత తింటే, ఎంత పెంట వేస్తుందో చూడాలని వచ్చింది. క్లాసంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మార్చమని బతిమాలాను. మేడం వినలేదు. "చేప తిన్నదాంట్ల అరిగేది చేపకు, అరగనిది నీళ్లకు. అది కిందికి పోయి కుళ్లితే నీళ్లల్ల గాలి ఉండదు, చేపలు చస్తయ్. గుంటలోళ్లకు దీనికంటె పెద్ద విషయం లేదు. పోయి చూడు" అంది.

గుంట నాన్నే చూపించాడు. మరిపెడ బస్సులో పోతే, మరిపెడకు ముందే ఒక ఊళ్లో మా పాత గిరాకీ ఒకాయన ఉన్నాడు. నేను కాకా అని పిలిచేదాన్ని. వరి పండే రెండెకరాలూ తవ్వించి చేపల గుంట చేశాడు. ఆయనకు వేరే భూమి లేదు. రవ్వ, బంగారుతీగ, గడ్డిచేప, మూడు రకాల చేపపిల్లలు పోశాడు. మృగశిర కార్తె మొదలయ్యే రోజు, అదే మిరుగం నాడు, మా వైపు మాలాంటి నాలుగిళ్లు తప్ప ఊరంతా చేపలే తింటుంది. గుంటవాళ్లు ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసమే చూస్తారు. కాకా కూడా దాని కోసమే చూస్తున్నాడు. కానీ చేపలు కిలోకు రావాల్సినవి అందులో సగం కూడా లేవు. పైగా తెల్లవారేసరికి నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"మీ బాపు సరుకే ఏస్త బిడ్డా, సేటు కాడ తప్ప యాడ కొన. తక్కువ చేస్తలేను. మరి గిట్లెందుకైతాందో సమజైతలేదు" అన్నాడు మొదటిరోజు. "నువ్వు సదువుకున్నదానివి. జర చూసి చెప్పు. మిరుగం దాకా బతికితే చాలు నాకు. లేకుంటె గుంట ఇడిచిపెట్టి కూలికి పోవుడే."

గుంట పక్క రేకుల షెడ్డులో ఆరు టబ్బులు పెట్టుకున్నాను. మూడు రకాల చేపలు, రెండు రకాల మేతలు. మూడింటికి మా దుకాణం తవుడు, చెక్క, తన బస్తాల్లోంచి కాకాయే తీసి వేసేవాడు. మూడింటికి కంపెనీ గుళికల మేత. గడ్డిచేపకు అదనంగా గడ్డి. రోజూ పొద్దున వెళ్లి, అడుగున పేరుకున్నది సన్న పైపుతో లాగి, గుడ్డలో వడగట్టి, ఎండబెట్టి తూచాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ముక్కు, కన్ను, కడుపు మూడూ చంపుకోవాలి.

మూడో రోజో నాలుగో రోజో పైపు కొస నోట్లో పెట్టుకుని పీల్చాను. నీళ్లు రావడానికి అందరూ అలాగే పీలుస్తారని కాకా చూపించాడు. ఎప్పుడు ఆపాలో చూపించలేదు. చల్లగా, జిగటగా, ఇసుకలా ఏదో నాలుక మీదికి వచ్చింది. యాక్! పైపు విసిరేసి గట్టు దాకా ఉరికి, పొద్దున తిన్న ఉప్మా అంతా కక్కాను. అంతటితో ఆగక ఖాళీ కడుపుతో ఇంకో పది నిమిషాలు డోకులు. కాకా చెంబుతో నీళ్లు తెచ్చాడు. "పుక్కిలించు బిడ్డా, ఏం కాదు" అన్నాడు. ఆ చెంబుకూ నీసు వాసనే. వద్దని చెయ్యి ఊపి, నా సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసుకున్నాను. ఆ రోజు నుంచి రోజూ ఇదే తంతు. నేను షెడ్డులోకి రాగానే ఆయన "నీళ్లు తాగుతవా బిడ్డా" అంటాడు. నేను "నా సీసా ఉన్నది కాకా" అంటాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఎందుకు తాగనో ఆయనకు తెలుసు. తెలిసినా అడగడం మానలేదు.

ఇంటికొస్తే అమ్మ వాకిట్లోనే ఆపేసేది. బయటి నల్లా దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, బట్టలు బకెట్లో పడేసి, అప్పుడు లోపలికి. అయినా వేళ్లకు వాసన పోయేది కాదు. నిమ్మకాయ రుద్దాను, శెనగపిండి రుద్దాను, చివరికి పసుపు కూడా రుద్దాను. పప్పన్నం కలిపితే పప్పులో చేప వాసన. చెంచాతో తినడం అప్పుడే అలవాటైంది. ఒకరోజు మేడ మీద ఆ వడగట్టింది కాగితాల్లో పరిచి ఎండబెట్టుకుంటుంటే అమ్మ వచ్చి చూసింది. పక్కనే ఆమె గుమ్మడి వడియాలు.

"వడియాల పక్కన గదేందే?"

"ప్రాజెక్టు అమ్మా."

"పెంటనా?"

నేను కాగితాలు పక్కకు జరిపాను. అమ్మ వడియాల చీర నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తి, అలాగే తీసుకెళ్లి చెత్తబండిలో వేసింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అన్ని పెంటలూ ఒక్కటి కాదని అప్పుడు తెలిసింది. గడ్డిచేపది పచ్చగా, ఉండలు ఉండలుగా, పేడ వాసన. తిన్నదాంట్లో సగం అరగకుండానే వదిలేస్తుంది. అదో దండగమారి చేప. బంగారుతీగది అసలు దొరకదు. అది వేసిందాన్నే మళ్లీ మూతితో కెలికి టబ్బంతా బురద చేస్తుంది. కాకా ఇంట్లోవాళ్ల కూరకని డ్రమ్ములో రెండు కొర్రమట్టలు పెంచేవాడు. వాటికి కోడిపేగులు వేసేవాడు. వాటి పెంట చారెడు కూడా ఉండదు. కానీ నల్లగా, చీమిడిలా, డ్రమ్ము మూత తీస్తే కళ్లలో నీళ్లు తిరిగే కంపు. గుళికలు తిన్న చేపలది కాస్త మర్యాదగా ఉండేది. గోధుమ రంగులో గట్టిగా, తక్కువగా.

రవ్వతోనే వచ్చింది తంటా. గుళికలు తిన్న రవ్వలు కొద్దిగా వేస్తే, మా తవుడు తిన్న రవ్వలు కుప్పలుగా వేశాయి. తడిసిన దారపు పోగుల్లా పొడుగ్గా వేలాడి, తెగి, అడుగంతా పరుచుకునేది. పొద్దున తీస్తే సాయంత్రానికి మళ్లీ అంతే. పెట్టిందంతా అట్లాగే బయటికి పంపుతున్నాయా అనిపించేది. తవుడు తిన్న మూడు టబ్బుల్లోనూ ఎక్కువే. రవ్వ టబ్బులో మరీ ఎక్కువ.

నేను ఆ పెంటను ఒక్కరోజు కూడా చేత్తో ముట్టలేదు. చెంచా, పటకారు, దూది, డబుల్ గ్లౌజులు. ఊపిరి బిగబట్టి తూచడం, రాసుకోవడం, మూట కట్టేయడం. ఐదు వారాలు అలాగే చేసి, నా పుస్తకంలో రవ్వలు తిండిపోతులు, అరుగుదల లేదు అని రాసుకున్నాను. కాకాకూ అదే చెప్పాను.

"నీ గుంటల రవ్వలెక్కువైనయ్ కాకా. అవే ఖరాబు చేస్తానయ్."

ఆయన పాపం గుంట వైపు చూశాడు. "గంత తిన్నా పెరుగుతలేవంటె ఆకలి తీర్తలేదేమో బిడ్డా. కొంచెం ఎక్కువ పెడ్త" అన్నాడు.

గుంటల్లో తవుడును చిల్లుల సంచుల్లో నింపి, కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. నాలుగు సంచులు కట్టేవాడల్లా ఆరు కట్టడం మొదలుపెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. చేప బక్కగా ఉంటే మేత పెంచుతారు, అందులో తప్పేముంది అనుకున్నాను. నీళ్ల రంగు ఆకుపచ్చ నుంచి నల్లగా మారింది. గట్టు మీద నిలబడితే మురికికాలువ పక్కన నిలబడ్డట్టు ఉండేది. ఆయన సున్నం చల్లాడు. మోటరు పెట్టి బోరు నీళ్లు వదిలాడు. మిరుగం ఇంకో ఐదు రోజులుంది.

ఆ రోజు పొద్దున కాలేజీలో నా లెక్కలు చూసి మేడం కళ్లద్దాలు తీసింది.

"రవ్వకు తవుడు పెట్టుడు ఇయ్యాల కొత్తనా? మనోళ్లు మొదటినుంచి పెట్టేదదే. తవుడుకు కొంత ఎక్కువ వస్తది, నిజమే. గింత వస్తదా? చేతిల పట్టుకొని చూసినవా?"

"చెంచాతోటి..."

"చేతితోటి. గ్లౌజులు తియ్యి. విషం కాదది."

ఎండిన పెంట చిటికెడు నా వేళ్లలో పెట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. అయినా నా బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. పదిహేనేళ్ల అలవాటు. రుద్దగానే గరగరమంది. వేలికొసకు గుచ్చుకుంది. ఊదాల్సిన పని కూడా లేకపోయింది. చేపకు అరగక అలాగే బయటికొచ్చిన ఊక అది, పొడి చేసి కలిపిన ఊక. రవ్వల తప్పేం లేదు. రెండు నెలలుగా నా ముందే ఉంది. కంపని ముట్టుకోలేదు కాబట్టి నాకు తెలియలేదు.

మేడంకు ఏం చెప్పానో గుర్తులేదు. ఒక పొట్లం కట్టుకుని ఆటో ఎక్కి గంజుకు పోయాను. మధ్యాహ్నం, గిరాకీ లేదు. నాన్న ఒక్కడే ఉన్నాడు.

"చెయ్యి పట్టు బాపూ" అన్నాను.

పట్టాడు. పొట్లం విప్పి పోశాను. ఏమిటని అడగలేదు. అరచేతిలో ఏదైనా పొడి పడితే ఆయన చెయ్యి ఊరుకోదు. బొటనవేలితో రుద్దాడు. ఊదాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసన తేడగున్నది. తడిసిన సరుకా?"

"తవుడేనా బాపూ?"

"తవుడేంది? ఊకే గదనే ఇది. పేరుకన్నా తవుడు లేదు. ఎవడమ్మిండు నీకు? ఏ లంగగాడు?"

"మనదే. షట్టర్ పక్కన చేపల బస్తాలది."

"మనది గిట్లుండదు. మనదాంట్ల జర మెత్తదనం ఉంటది."

"మెత్తదనమంత చేప కడుపుల అరిగింది. అరగంది కిందినుంచి వచ్చింది. నీ చేతిలున్నది చేప పెంట బాపూ."

నాన్న చెయ్యి విదిలించిన విసురుకు ఆ పొడి కాటా మీద, పటం ముందు అరుగు మీద పడింది. రామ రామ అనుకుంటూ కుండ దగ్గరికి ఉరికాడు. సబ్బు పెట్టి కడిగాడు, మళ్లీ కడిగాడు, బట్టల సబ్బు వెతికి తీసి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. నేను నిలబడి చూశాను. ఊకను తెలిసి అమ్మిన చెయ్యి అది. దానికి అప్పుడు రాని రోత ఇప్పుడు వచ్చింది. మా నాన్నను చూస్తే నాకు మొదటిసారి అసహ్యం వేసింది. రాయడానికి బాగాలేదు, కానీ వేసింది. ఆ బస్తాలతోనే నా ఫీజులు కట్టారని, నా చెంచా అన్నం కూడా వాటిదేనని గుర్తొచ్చాక, నా మీద నాకు కూడా వేసింది.

"నేను కలపలే. మిల్లుకాడనే కలిపి పంపుతడు" అన్నాడు తుడుచుకుంటూ. "చేపలు తినేదే గదనే. వాటికేం తెలుస్తది?"

"కాకా గుంట పోతాంది బాపూ. మిరుగానికి ఐదు రోజులే ఉన్నది."

"రేపటిసంది మంచిదే పంపుత. లోపలి బస్తాలే పంపుత. నువ్వు మాత్రం అక్కడ నోరిప్పకు. గంజుల మన మాటకు ఇజ్జత్ ఉన్నది."

ఫోన్ నా చేతిలోనే ఉంది. కాకా నంబరు అందులో ఉంది. సంచులు విప్పేయ్ కాకా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చేయలేదు. నాన్న వద్దన్నాడని సర్దిచెప్పుకున్నాను. రేపు పొద్దున ఎలాగూ పోతాను కదా, ఎదురుగా చెబుదాం అని కూడా అనుకున్నాను. సిగ్గుతో చేయలేదన్నది అసలు మాట.

పొద్దున మొదటి బస్సుకు పోయాను. ఊరి మొగలోనే వాసన తగిలింది. గట్టెక్కి చూస్తే నీళ్లు కనబడలేదు. తెల్ల పొట్టలు. రవ్వలు, బంగారుతీగలు, పెద్ద గడ్డిచేపలు, అన్నీ పక్కకు తిరిగి, కళ్లు తెరుచుకుని, నురగలో ఆనుకుని ఉన్నాయి. అప్పుడే ఈగలు ముసిరాయి. ఆ నల్లనీళ్లలో ఆరు కర్రలకు బదులు ఎనిమిది నిలబడి ఉన్నాయి. మోటరు ఇంకా నడుస్తూనే ఉంది.

కాకా షెడ్డు ముందు కూర్చున్నాడు.

"తెల్లారంగనే అన్ని ఒక్కసారే పైకొచ్చినయ్ బిడ్డా. మోటరు పెట్టిన, నీళ్లు కొట్టిన, ఆగలే" అన్నాడు. "నిన్న పొద్దుగూకంగ ఇంకో రెండు సంచులు కట్టిన. మిరుగం దగ్గరికొచ్చె గదా, తిని జర బలమైతయనుకున్న."

అప్పుడు చెప్పాను. తవుడులో ఊక ఉందని, అది మా దుకాణం నుంచే వస్తోందని, చేపల తప్పు లేదని, ఆయన తప్పు అసలే లేదని. ఆయన అడ్డుపడకుండా విన్నాడు. లేచి షెడ్డులోంచి మా బస్తా ఈడ్చుకొచ్చి, గుప్పెడు తీసి చూశాడు. ఆయనకు రుద్దడం తెలియదు. ఊరికే పట్టుకుని చూశాడు.

"నీసు ముట్టనోళ్లు, దేవునికి మొక్కి కాటా పట్టేటోళ్లు అని ఎన్నడు చెయ్యి పెట్టి సూడలే నేను" అన్నాడు. గుప్పెట్లోది బస్తాలో పోసి అడిగాడు. "నీకెప్పుడెరుకైంది?"

"నిన్న మధ్యాహ్నం."

నా చేతిలో ఫోన్ వైపు చూశాడు.

"ఒక్క ఫోన్ కొడితే సంచులు కట్టకపోతుంటి గద బిడ్డా."

నా నోరు ఎండిపోయింది. ఎండ అప్పుడే మొహానికి కొడుతోంది. సంచిలో నా సీసా నిండుగా ఉంది. అయినా చూపు షెడ్డులో కుండ మీద బోర్లించిన చెంబు మీదికే పోయింది. ఆయన రోజూ అడిగే మాట ఆ రోజు అడగలేదని అప్పుడు గమనించాను. ఆయన అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. చివరికి నేనే అడిగాను.

"కాకా, జర నీళ్లియ్యవా."

ఆయన బస్తాను గట్టు మీద బోర్లించి దులిపాడు. ఖాళీ సంచి భుజాన వేసుకున్నాడు, చచ్చిన చేపలు ఏరడానికి.

"నీ సీసా ఉన్నది గద బిడ్డా" అని, నీళ్లలోకి దిగాడు.